మురుగు కాలువ నీళ్ళు పెట్టిన చేలో వరి పసుపెక్కింది: ఇది భార లోహాల పనేనా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ: భీమవరానికి దిగువన శివారు ఆయకట్టులో మీకు రెండెకరాలు. దాళ్వాలో, అంటే రబీ వరిలో, కాలువ వంతు సరిగ్గా అందక పక్కనున్న మురుగు కాలువ మీద ఇంజను పెట్టి తోడారు. నాటిన నెలకల్లా, ఆ నీళ్ళు మడిలో పడే మూల పది సెంట్ల మేర పైరు పసుపెక్కి, దుబ్బు కట్టకుండా గిడసబారిపోయింది. మిగతా చేను నిగనిగలాడుతోంది. భూసార పరీక్ష కార్డులో అన్నీ బాగానే ఉన్నాయి. ఊళ్ళోవాళ్ళేమో పైన ఫ్యాక్టరీల నీళ్ళు కలిసి భార లోహాలు పట్టేశాయంటున్నారు. లోహాలు పడితే మొక్క ఏం చేస్తుంది, ఈ బియ్యం ఇంట్లో తినొచ్చా అని అడిగారు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. మీ కంగారంతా ఆ పసుపెక్కిన పది సెంట్ల గురించి. అందులో లోహాలే గనక ఉంటే, నాకు అనుమానం ఆ పచ్చగా ఉన్న ఎకరం తొంభై సెంట్ల మీద.

ముప్పై ఏళ్ళ పైచిలుకు మట్టీ మొక్కా నమూనాలు చూసే పనిలోనే గడిపాను, అందులో ఎక్కువ భాగం ఈ డెల్టా నేలలే. లోహం తగిలిన మొక్క తన ప్రాణం కాపాడుకోవడానికి చాలా ఏర్పాట్లు చేసుకుంటుంది. అవన్నీ దాని కోసమే, దాన్ని తినే మన కోసం కాదు. కాడ్మియం సంగతే చూడండి. వరి ఆకు కళ తప్పడానికి ఎంత కాడ్మియం కావాలో, అందులో ఎంతో కొద్ది భాగం గింజలో చేరినా తినేవాళ్ళ మూత్రపిండాలకి ముప్పే. జపాన్‌లో టొయామా దగ్గర జింజు నది ఎగువన ఉన్న జింకు గనుల నుంచి కాడ్మియం కొట్టుకొచ్చి దిగువ వరిపొలాల్లో పేరుకుంది. ఆ బియ్యం ఏళ్ళ తరబడి తిన్నవాళ్ళకి, ముఖ్యంగా నడివయసు దాటిన ఆడవాళ్ళకి, ఎముకలు గుల్లబారి కదిలితే చాలు విరిగేవి. వాళ్ళ మూలుగులోంచే ఆ జబ్బుకి ‘ఇటాయ్ ఇటాయ్’ అని పేరొచ్చింది, ‘నొప్పి, నొప్పి’ అని అర్థం. కాలుష్యం వల్ల వచ్చిన జబ్బని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. అన్నేళ్ళూ ఆ పొలాల్లో వరి పండుతూనే ఉంది, జనం కోసుకుని తింటూనే ఉన్నారు.

అసలు లోహం మొక్కలోకి ఎలా దూరుతుందో చూద్దాం. రాగి, జింకు, నికెల్ పైరుకి కావలసినవే, కూరలో ఉప్పులాగా. తగుమాత్రం ఉంటేనే రుచి, దోసిలితో పోస్తే పారబోయాలి. కాడ్మియం, సీసం, పాదరసం, ఆర్సెనిక్ వరికి ఎందుకూ పనికిరావు. (ఆర్సెనిక్ అచ్చంగా లోహం కాదు, అర్ధలోహం. అందరూ ఈ పద్దులోనే రాస్తారు కాబట్టి నేనూ రాస్తున్నాను.) పనికిరాని వాటి కోసం వేరుకి వేరే తలుపులేవీ ఉండవు. పనికొచ్చే పోషకాల వేషంలో ఆ తలుపుల్లోంచే ఇవీ వచ్చేస్తాయి. వరి వేరు మాంగనీసుని లాక్కునే ద్వారం ఒకటుంది, దానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఎన్‌రాంప్5. కాడ్మియం ఎక్కువగా అందులోంచే వస్తుంది. వరికి సిలికాన్ అంటే ప్రాణం, గడ్డి గరుకుదనమంతా అదే. నీరు నిలిచిన మడిలో ఆర్సెనిక్ తీసుకునే రూపం అచ్చం సిలికాన్ రూపాన్ని పోలి ఉండటంతో ఆ సిలికాన్ దారినే లోపలికొస్తుంది. ఆరిన నేలలో అదే ఆర్సెనిక్ భాస్వరం వేషం కడుతుంది. ఆరు ఆవేశాలున్న క్రోమియం, అంటే బాగా విషమైన రకం, గంధకం దారిన వస్తుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రైతు చేతిలో ఉన్న పనులు ఇక్కడే తేలతాయి. మడిలో సిలికాన్ సమృద్ధిగా ఉంటే ఆర్సెనిక్ గుమ్మం దగ్గరే ఆగాల్సొస్తుంది. జింకు లోపం ఉన్న నేలలో కాడ్మియానికి పోటీ తగ్గి ఇంకా సులువుగా ఎక్కుతుంది. మన డెల్టా బరువు నేలల్లో జింకు లోపం ఎంత మామూలో మీకు తెలిసిందే.

మొట్టమొదట దెబ్బ తినేది వేరు కొస. అక్కడ కణాలు విడిపోవడం ఆగిపోతుంది, వేరు పొడుగు పెరగడం మానేసి లావెక్కుతుంది, కొస గోధుమ రంగుకి తిరిగి మొద్దుబారుతుంది, పైభాగంలో పిల్లవేళ్ళు గుబురుగా పుడతాయి. మొక్క వేరు లోపలి గోడలకి బెరడులాంటి పూత దట్టంగా పట్టించి, నీటితో పాటు లోహం పైకి పోకుండా అడ్డుకట్ట వేయబోతుంది. సీసం విషయంలో ఇది చాలా వరకు పనిచేస్తుంది. నేలలోంచి వేరు తీసుకున్న సీసంలో సింహభాగం వేరు గోడలకే అంటుకుని ఉండిపోతుంది, గింజ దాకా వెళ్ళేది తక్కువ. అందుకే ఆకుకూరలో సీసం ఎక్కువ కనిపిస్తే నేను ముందు రోడ్డు వైపూ గాలి వైపూ చూస్తాను. ఒకసారి పాత బ్యాటరీలు కరిగించే పాక పక్కన తోటకూర మడుల నుంచి నమూనాలు తెచ్చాం. కూర చూస్తే ముచ్చటేసేంత ఏపుగా ఉంది. అదే కట్టలోంచి సగం కడక్కుండా, సగం మూడు నీళ్ళలో కడిగి పరీక్షకి పెడితే, కడగని దాంట్లో సీసం కడిగిన దానికి ఎన్నో రెట్లు. అదంతా ఆకు మీద వాలిన ధూళి. ఆ పాక ఆసామి మాత్రం మా ఆకులు ఎంత పచ్చగా ఉన్నాయో చూడండి అని మాకే చూపించాడు.

వరికి ఇంకో రక్షణ ఉంది, అది మీరు ఒట్టి కంటితోనే చూడొచ్చు. నీళ్ళలో మునిగిన వేరుకి ఊపిరి ఆకు నుంచే రావాలి. ఆ గాలిలో కొంత వేరు చుట్టూ బురదలోకి కారుతుంది. దాంతో బురదలో కరిగి ఉన్న ఇనుము తుప్పుగా మారి వేరు మీద ఎర్రటి పూతలా అంటుకుంటుంది. ఆర్సెనిక్‌ని ఈ తుప్పు పూత బాగా పట్టి ఉంచుతుంది, ఇతర లోహాలని కొంత వరకు. మంచి పైరులో దుబ్బు పీకి బోదెలో జాడిస్తే ముదురు వేళ్ళు ఇటుక రంగులో, కొత్తగా పుట్టినవి తెల్లగా కనిపించాలి. నల్లగా ఉండి, నలిపితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొడితే అది గంధకపు వాయువు, అంటే బురద ఊపిరాడకుండా కుళ్ళిపోతోంది. మీ పది సెంట్లలో ఈ పని తప్పకుండా చేయండి. ఆకు ఫోటోలు నాలుగు పంపారు, వేరు ఫోటో ఒక్కటీ లేదు!

ఇక లోపలికి వచ్చేసిన దాని సంగతి. గ్లూటాథయోన్ అనే చిన్న పదార్థం ప్రతి కణంలోనూ ఉంటుంది, అందులో గంధకం ఉంటుంది. కాడ్మియం తగలగానే మొక్క ఈ గ్లూటాథయోన్‌ని గొలుసులా అల్లుకుంటుంది. ఈ గొలుసులని 1985లో జర్మనీ శాస్త్రవేత్తలు మొక్కల్లో గుర్తించి ఫైటోకెలాటిన్లు అన్నారు. గొలుసులోని గంధకం లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఆ మూటని మొక్క కణంలో రిక్తిక అనే సంచిలోకి నెట్టేస్తుంది. ఇంట్లో పనికిరాని ఇత్తడి సామాను అటక మీదికి ఎక్కించి మూసేసినట్టన్నమాట. సామాను ఇంట్లోనే ఉంటుంది, కాళ్ళకి అడ్డం రాదు. వరిలో వేరు అటక పెద్దదైతే కాడ్మియం అక్కడే ఉండిపోతుంది. ఆ నెట్టే పని చేసే ప్రోటీన్ మందకొడిగా ఉన్న రకాల్లో కాడ్మియం కాండంలోకి, కణుపుల్లోకి, అక్కడి నుంచి గింజలోకి పాకుతుంది. సాధారణంగా జపాన్ వైపు పండే జపోనికా వరి కన్నా మన దగ్గర పండే ఇండికా వరి గింజలో కాడ్మియం ఎక్కువ చేరుతుంది. స్వర్ణ గానీ 1010 గానీ 1121 గానీ, మన వరి రకాలు ఇండికాలే. అంతమాత్రాన వాటిలో కాడ్మియం ఉందని కాదు. నేలలో ఉంటే గింజలోకి ఎక్కించుకునే గుణం ఉందని.

జపాన్ వాళ్ళు 2012లో కోషిహికారి అనే తమ ముద్దుల రకంలో ఆ మాంగనీసు ద్వారం పాడైన మొక్కలని ఎంపిక చేసి, కాడ్మియం దాదాపు ఎక్కని వరిని చూపించారు. మన రకాల్లోనూ అలాంటి పని జరగాలి. మారుటేరు లాంటి వరి పరిశోధనా కేంద్రం మన గడ్డ మీదే ఉండగా అది దురాశేమీ కాదు.

అటక నిండిపోతే ఏమవుతుంది? అప్పుడు మీరు కంటితో చూసే లక్షణాలు మొదలవుతాయి. ఎంజైముల్లో జింకు, ఇనుము కూర్చోవాల్సిన చోట కాడ్మియం కూర్చుని పని చెడగొడుతుంది. ఇనుము పైకి రాక లేత ఆకులు ఈనెల మధ్య తెల్లబారతాయి. కణాల్లో ఆక్సిజన్ అదుపు తప్పి నిప్పురవ్వల్లా పొరలని కాలుస్తుంది. వాటిని ఆర్పే ఎంజైములు మొక్క కొంతకాలం ఎక్కువగా చేసుకుంటుంది, తర్వాత అలసిపోతుంది. ఆకు చివర ఎండుతుంది, పిలకలు తగ్గుతాయి, ఈనిక, అంటే కంకి బయటికి రావడం, ఆలస్యమవుతుంది. ఇందులో ఒక తిరకాసుంది. చాలా కొద్ది మోతాదులో విష లోహం తగిలినప్పుడు మొక్క ఒక్కోసారి మామూలు కన్నా ఏపుగా పెరుగుతుంది, రక్షణ యంత్రాంగమంతా మేలుకుంటుంది కాబట్టి. పచ్చదనాన్ని నమ్మొద్దనడానికి ఇదొక కారణం.

ఆర్సెనిక్ విషం వరిలో వేరేలా బయటపడుతుంది. పైరు బాగానే పెరిగి కంకి కూడా వేస్తుంది, కానీ గింజ పాలు పోసుకోదు. బరువు లేక కంకి నిటారుగా నిలబడిపోతుంది, ఊక చిలకముక్కులా వంకర తిరుగుతుంది. మన దగ్గర తాలుకి కారణాలు బోలెడు. మెడవిరుపు, కాండం తొలుచు పురుగు, సుడిదోమ, దాళ్వా చలి, వీటన్నిటినీ దాటాకే ఆ అనుమానం పెట్టుకోవాలి.

ఇప్పుడు నేను స్వయంగా పొరపడిన ఒక సంగతి. ఒక ఊళ్ళో పాత ఆకుతోట తీసేసి మినుములు వేశారు. మొక్క రెండు మూడు ఆకుల మీద ఉండగానే పసుపెక్కింది. రైతు పల్లాకు తెగులన్నాడు, తెల్లదోమకి రెండు దఫాలు మందు కొట్టాడు. నేనూ దూరం నుంచి చూసి తలూపాను. ఆయన భార్య మాత్రం, “పల్లాకైతే అక్కడో మొక్క ఇక్కడో మొక్క రావాలి గదండీ, ఇదేంటి గీత గీసినట్టు పాత సాళ్ళ వెంబడే వచ్చింది?” అంది. కూర్చుని చూస్తే నిజమే. పల్లాకులో ఆకు మీద పసుపూ ఆకుపచ్చా అతుకులు అతుకులుగా ఉంటాయి. ఇక్కడ లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో వెలిసిపోయింది, అంటే ఇనుము అందడం లేదు. మొక్క పీకితే వేరు ముళ్ళతీగలా ఉంది, పొట్టిగా, లావుగా, కొసలు మొద్దుగా. మినుము వేరు మీద ఉండాల్సిన నత్రజని బుడిపెలు దాదాపు లేవు.

ఆ తోటలో అవిశె నీడన తమలపాకు పెంచుతూ తండ్రి కాలం నుంచీ బోర్డో మిశ్రమం కొట్టారు. లెక్క వేసి చూడండి. ఒక శాతం బోర్డో అంటే 100 లీటర్లకి కిలో మైలుతుత్తం. మైలుతుత్తంలో రాగి పావు వంతు. ఎకరానికి 200 లీటర్ల చొప్పున ఏడాదికి ఐదుసార్లు కొడితే 10 కిలోల మైలుతుత్తం, అంటే రెండున్నర కిలోల రాగి. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. అంటే ఏడాదికి కిలో మట్టికి మూడు మిల్లీగ్రాములకి కాస్త తక్కువ. ముప్పై ఏళ్ళకి అది ఎనభై దాటుతుంది, అదీ మందు మట్టంతా సమంగా పడితే. నిజానికి పడేది సాళ్ళలోనే. రాగి వర్షానికి కొట్టుకుపోయే సరుకు కాదు, బంకమట్టినీ కుళ్ళినాకునీ పట్టుకుని ఎక్కడ పడింది అక్కడే ఉంటుంది. తమలపాకుకి ఇబ్బంది లేకపోయింది, మినుముకి మాత్రం గొంతు నొక్కినట్టయింది. ఆ రైతు తర్వాత అక్కడ పశువుల ఎరువు బాగా తోలి, లోతుగా దున్ని, రెండేళ్ళు వరి పెట్టాడు. వరి కిక్కురుమనకుండా పండింది. కోనసీమలో మొవ్వుకుళ్ళుకి రాగి మందులు వాడే కొబ్బరి తోటల్లో అంతరపంటలు వేసేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఇక వరికీ నీటికీ ఉన్న చిక్కు. ఈ జవాబులో ఏదైనా ఒక్కటి గుర్తు పెట్టుకుంటానంటే ఇది గుర్తు పెట్టుకోండి. మడిలో నీళ్ళు నిలిచినప్పుడు బురదలో గంధకం కాడ్మియాన్ని పట్టుకుని గట్టి రాయిలా మార్చేస్తుంది, వేరుకి అందదు. నీళ్ళు తీసి ఆరగట్టగానే గాలి సోకి ఆ రాయి కరుగుతుంది, కాడ్మియం వేరు ముందుకొస్తుంది. ఆర్సెనిక్ సరిగ్గా దీనికి ఎదురు. ఆరిన నేలలో అది తుప్పుని అంటిపెట్టుకుని కదలదు. నీళ్ళు నిలిస్తే తుప్పు కరిగి, ఆర్సెనిక్ విడుదలై, సిలికాన్ తలుపు తడుతుంది. ఒకదానికి మందైనది ఇంకోదానికి విషమన్నమాట. అందుకని నేలలో ఏముందో తేలకుండా, లోహాలున్నాయట కాబట్టి ఆరుతడి పెట్టమనో, నీళ్ళు నిలబెట్టమనో ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

గింజలోకి కాడ్మియం ఎక్కేది ముఖ్యంగా ఈనిక చుట్టుపక్కల రోజుల్లో. అందుకే జపాన్‌లో కాడ్మియం ఉన్న పొలాల్లో ఈనికకి ముందు మూడు వారాలు, తర్వాత మూడు వారాలు నీళ్ళు తగ్గకుండా చూసుకోమంటారు. మన దాళ్వాలో ఆ రోజులు సరిగ్గా వంతులు కుదించి, ఏప్రిల్‌లో కాలువలు కట్టేసే తొందరలో పడతాయి. శివారు చేలు ఆరిపోయేదీ అప్పుడే. బెంగాల్లో వేసవి వరికి లోతు తక్కువ బోర్ల నీళ్ళతో ఆర్సెనిక్ తోడి మరీ పొలంలో పోసుకునే పరిస్థితి వచ్చింది. మనది ధవళేశ్వరం నుంచి వచ్చే గోదావరి నీళ్ళ సాగు. కాలువ నీళ్ళు పెట్టినంత వరకు మన లెక్క వేరు. మురుగు కాలువలో ఇంజను దించిన రోజు నుంచి ఆ ధీమా పనికిరాదు.

మీ పది సెంట్లకి వద్దాం. లక్షణాలు చదివితే నాకు వరసగా మూడు అనుమానాలు వచ్చాయి, లోహం అందులో లేదు. మొదటిది జింకు లోపం. ముదురాకుల మీద తుప్పు మచ్చలుండి, ఆకు వంచితే పెళుసుగా విరిగితే అదే. రెండోది ఉప్పు. మురుగు కాలువల్లో రొయ్యల చెరువుల నీళ్ళు కలుస్తాయి, సముద్రం పోటు కూడా ఎగదన్నుతుంది. ఆకు కొసలు తెల్లగా ఎండుతున్నాయంటే ఆ నీళ్ళ ఉప్పుదనం కొలిపించండి, ఐదు నిమిషాల పని. మూడోది నేను పైన చెప్పిన నల్లవేళ్ళ జబ్బు. మురుగుతో పాటు వచ్చిన చెత్తాచెదారం మూలలో పేరుకుని కుళ్ళుతుంటే ఇది వస్తుంది.

తేల్చుకోవడానికి ఆ మూలని గట్టు వేసి మూడు ముక్కలు చేయండి. ఒక ముక్కకి లీటరుకి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి ఐదు రోజుల ఎడంతో రెండు మూడుసార్లు కొట్టండి. రెండో ముక్కలో నీళ్ళు తీసేసి సన్నగా నెర్రెలిచ్చే దాకా ఆరగట్టి, తర్వాత మంచి కాలువ నీళ్ళు పెట్టండి. ఇప్పుడింకా పిలకల దశే కాబట్టి ఆరగట్టినా కాడ్మియం భయం పెద్దగా లేదు, పొట్ట దశ వచ్చాక మాత్రం ఈ ప్రయోగం చేయకండి. మూడో ముక్కని ముట్టుకోకండి. పది పన్నెండు రోజుల్లో మొదటి ముక్క పచ్చబడితే జింకు, రెండో దాంట్లో తెల్లవేళ్ళు పుడితే బురద జబ్బు. రెండూ కదలకపోతే, ఉప్పూ కాదని తేలితే, అప్పుడు లోహాల మాట.

భూసార కార్డులో అన్నీ బాగున్నాయన్నారు. 2015లో మొదలైన ఆ కార్డులో ఉండేవి పన్నెండు అంశాలు. వాటిలో జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్ సరిపోయాయా లేదా అన్నదే చూస్తారు. కాడ్మియం, సీసం, ఆర్సెనిక్, క్రోమియం అందులో లేనే లేవు. వీటికి వేరుగా, పేర్లు చెప్పి అడగాలి. మట్టిలో మొత్తం ఎంత ఉందన్న దానితో పాటు మొక్కకి అందే భాగం ఎంతో కూడా చేయించండి. మన నల్లమట్టిలో ఉదజని సూచిక (పీహెచ్) ఏడు దాటి ఉండటం వల్ల కాడ్మియం, సీసం, నికెల్ చాలా వరకు బిగుసుకుపోయి ఉంటాయి. మొత్తం లెక్క చూసి గుండె బాదుకోవాల్సిన పని ఉండకపోవచ్చు. ఆర్సెనిక్‌కి ఈ రక్షణ లేదు, క్షారం పెరిగితే అది ఇంకా వదులవుతుంది.

తినే విషయానికి గింజ పరీక్షే తీర్పు. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం పాలిష్ పట్టిన బియ్యంలో కాడ్మియం కిలోకి 0.4 మిల్లీగ్రాములు, అకర్బన ఆర్సెనిక్ (అందులో బాగా విషమైన రూపం) 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆర్సెనిక్ తవుడులో ఎక్కువ పేరుకుంటుంది, కాబట్టి పాలిష్ పడితే తగ్గుతుంది, ముడి బియ్యంలో ఎక్కువ ఉంటుంది. ఎసరు ఎక్కువ పోసి గంజి వార్చే మన పాత పద్ధతిలో ఆర్సెనిక్ చెప్పుకోదగ్గంత గంజితో పోతుంది. కుక్కర్లో ఇగరబెడితే అంతా అన్నంలోనే. కాడ్మియం మాత్రం గింజ లోపలి దాకా పరుచుకుని ఉంటుంది. పాలిష్‌కీ గంజికీ అది పెద్దగా లొంగదు. గడ్డి సంగతి మర్చిపోకండి, గింజ కన్నా గడ్డిలో ఈ విషాలు చాలా ఎక్కువ. అనుమానం తీరే దాకా ఆ మూల గడ్డి వాములో కలపకుండా విడిగా ఉంచండి.

ఎరువులతో లోహాలొస్తాయని కూడా రాశారు. భాస్వరం ఎరువులో కాడ్మియం కొంత ఉంటుంది, నిజమే. ఐరోపా వాళ్ళు పెట్టిన హద్దు కిలో భాస్వరానికి, అంటే బస్తా మీద రాసే పి2ఓ5 లెక్కన, 60 మిల్లీగ్రాములు. ఆ హద్దు దాకా ఉందనుకున్నా 50 కిలోల డీఏపీ బస్తాలో ఒకటిన్నర గ్రాము లోపే. 9 లక్షల కిలోల మట్టిలో అది ఏ మూలకి? నేను ఎక్కువ జాగ్రత్త పడేది వేరేవాటి దగ్గర. కోళ్ళ దాణాలో రాగి, జింకు కలుపుతారు, అవి పెంటలో దిగుతాయి, ఆ పెంట ఏటా ట్రాక్టర్లకొద్దీ అదే చేలో తోలితే రాగి లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఇంకోటి గుర్రపుడెక్క. నీళ్ళలోని లోహాలని వేళ్ళలో దాచుకోవడంలో అది గట్టిదే. మురుగు కాలువలోంచి తీసిన డెక్కని వర్మికంపోస్టు చేసి కూరగాయల మడులకి వేస్తున్నారు కొందరు. కాలువ శుభ్రమవుతుంది, విషం గోంగూర మడిలోకి చేరుతుంది. కంపోస్టు అమ్మేవాళ్ళకి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో హద్దులున్నాయి: కిలోకి కాడ్మియం 5, ఆర్సెనిక్ 10, సీసం 100 మిల్లీగ్రాములు. ఇంట్లో చేసుకునేవాళ్ళని అడిగేవారెవరు?

ఆవాలో పొద్దుతిరుగుడో వేసి లోహాలు లాగేయొచ్చని విన్నారట. లాగుతాయి, పంటకి కాసింత. అది ఏళ్ళూ పూళ్ళూ పట్టే పని, లాగిన మొక్కలని ఎక్కడ పారేయాలన్నది మళ్ళీ ఇంకో తలనొప్పి. దానికన్నా, ఆర్సెనిక్ అని తేలితే రైసుమిల్లు దగ్గర నల్లగా కాలిన ఊక బూడిద తెచ్చి దమ్ములో కలపడం మేలు, సిలికాన్ కోసం. తెల్లగా మాడిపోయిన బూడిద అంతగా కరగదు. ఆర్సెనిక్ ఉన్న చేలో పచ్చిగడ్డి, పచ్చిరొట్ట బురదలో తొక్కించకండి, అది కుళ్ళేటప్పుడు ఆర్సెనిక్ మరింత వదులవుతుంది. కాడ్మియమైతే ఆ మూల ఆకుకూరలు వేయొద్దు. గింజ కన్నా కాయ కన్నా ఆకులోనే అది ఎక్కువ చేరుతుంది.

నమూనా తీయడంలో ఒక జాగ్రత్త. జింకు పూత ఉన్న పార, తట్ట వాడితే మీ మట్టిలో లేని జింకు కనిపిస్తుంది. చెక్క ముక్కతోనో గట్టి ప్లాస్టిక్‌తోనో జానెడు లోతులో పది పన్నెండు చోట్ల తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలో మిగల్చండి. పసుపెక్కిన మూల నుంచి ఒకటి, పచ్చగా ఉన్న చేలోంచి ఇంకొకటి, మురుగు నీళ్ళు ఎప్పుడూ తగలని గట్టవతలి చేలోంచి మూడోది. మూడూ నీడలో ఆరనివ్వండి. గింజ నమూనా కంబైన్ రాకముందే చేత్తో దూసి తీయండి. ఇంట్లో మిక్సీలో మాత్రం ఆడించకండి, ఆ బ్లేడు స్టీలు నుంచి నికెల్, క్రోమియం రాలి లేని రోగం అంటగడతాయి.

రేపు పొద్దున్న, మట్టి తీసే ఆ మూడు చోట్లా ఒక్కో దుబ్బు మట్టితో సహా పెళ్ళగించి, బకెట్లో నీళ్ళు మార్చి మార్చి జాడించి, తెల్ల పంచె మీద పక్కపక్కన పరిచి ఫోటో తీసి పెట్టండి. వాసన ఎలా ఉందో కూడా రాయండి.